పేరు కింది రంగు

నేనొక పేరుని, అయితే ఆ పేరు నాది కాదు. ఒకదానికొకటి కలిసి ఉన్న, వెండిపూత వేసిన ప్లాస్టిక్ అక్షరాల వరుసని. ఒక ముదురు నీలం రంగు కారు డిక్కీ మీద, ఎడమ పక్క దీపానికి కాస్త దిగువన ఉండేదాన్ని. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు నన్ను 'దంగేటి మోటార్స్, కాకినాడ' అని చదివేవారు. రానివాళ్ళు నా మెరుపు చూసి ఇదేదో ఖరీదైన రకం బండి అనుకునేవారు. నిజం చెప్పాలంటే ఆ రెండో రకం వాళ్ళే నాకు ఎక్కువ నచ్చేవారు.

కారు వెనక భాగాన్ని మీరెప్పుడైనా తీరిగ్గా చూశారా? తయారుచేసిన కంపెనీ గుర్తు మధ్యలో ఉంటుంది. బండి రకం పేరు ఒక పక్కన ఉంటుంది. అమ్మిన షోరూం పేరు, అంటే నేను, ఇంకో పక్కన ఉంటాను. సొమ్ము పోసి కొన్నవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. పాపం, అతను మా ముగ్గురినీ వీపున పెట్టుకుని ఊరంతా ఊరేగిస్తాడు, అదీ తన పెట్రోలుతో. మనుషులకి ఇది వింతగా తోచకపోవడమే నాకు వింత.

నేను విజయవాడ ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగి గట్టిపడింది. దాన్ని పూత తొట్టెలో ముంచి తీశారు. వెనక మెత్తటి జిగురు పట్టీ అతికించి, దాని మీద ఎర్ర కాగితం కప్పారు. ఆ కాగితం ఒంటి మీద ఉన్నంతకాలం నేను ఎవరి పేరునీ కాను, ఉత్త సరుకుని. అట్టపెట్టెలో నాలాంటివి బోలెడు. అందరం ఒకే మాట పలుకుతూ, ఒకరికొకరం కొత్తగా చెప్పుకునేదేమీ లేక, నిశ్శబ్దంగా కాకినాడ చేరాం.

మమ్మల్ని అచ్చు వేయించినవాడు దంగేటి త్రిమూర్తులు. జగన్నాథపురం వంతెన దిగువన లారీలు బాగుచేసే షెడ్డుతో మొదలై, పాత కార్లు కొని అమ్మి, చివరికి ఒక పెద్ద కంపెనీ కార్లకి ఊళ్ళో ఏజెన్సీ తెచ్చుకున్న మనిషి. ఆయనకి ఇంగ్లీషు రాదు. నన్ను మాత్రం చదవగలడు. అక్షరాలు కూడబలుక్కుని కాదు, దూరం నుంచి వస్తున్న మనిషిని నడకని బట్టి పోల్చుకున్నట్టు మొత్తంగా పోల్చుకునేవాడు. బి.కాం. చదివిన తమ్ముడు కాశీ విశ్వనాథం కంపెనీతో ఉత్తర ప్రత్యుత్తరాలు, కస్టమర్లతో మాటామంతీ చూసుకునేవాడు. షోరూంలో అన్నగారు 'పెద్దగారు'. తమ్ముడు 'చిన్నగారు'. తల నెరవడం మొదలైనా చిన్నగారు చిన్నగారే.

బండికి నన్ను అతికించే పని మాత్రం త్రిమూర్తులు ఎవరికీ వదిలేవాడు కాదు. తమ్ముడికి కూడా. ఒక కన్ను మూసి, దారం పట్టి సరిచూసి, బొటనవేలితో అక్షరం తర్వాత అక్షరం నొక్కుతూ పోయేవాడు. ఆయన వేలికి మోటారు నూనె వాసన ఎప్పుడూ పోలేదు, షోరూంలో చల్లటి గాలి మిషన్లు పెట్టించాక కూడా.

నేను అతుక్కున్న బండి ఎవరికో అమ్మినది కాదు. వ్యాపారం బాగా సాగిన రోజుల్లో ఆయన తమ్ముడికి ఇచ్చినది. రంగు కూడా ఆయనే ఎంచాడు. విశ్వనాథానికి తెల్ల కారంటే ఇష్టం. ఆ సంగతి అన్నకి తెలీదు, ఎందుకంటే అడగలేదు. అడగకపోయినా చెప్పొచ్చు కదా అంటే, విశ్వనాథం చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి డిక్కీలో కూరగాయల సంచి పెడుతూ భార్య రత్నమాలతో యథాలాపంగా అంటుంటే విన్నాను. అనేసి డిక్కీని అవసరమైనదానికన్నా కొంచెం గట్టిగా మూశాడు. ఆ మూసిన దెబ్బ నాకు తగిలింది. మనుషులు మాటల్లో దాచుకునేవి ఇలా తలుపుల మీద, మూతల మీద బయటపడుతూ ఉంటాయి. వెనక ఉండేదాన్ని కాబట్టి నాకవి బాగా తెలుసు.

ఏటా దసరాకి ఆయుధపూజ నాడు త్రిమూర్తులు షోరూంలోని బళ్ళన్నిటికీ, ఇంటి బళ్ళకీ గంధం కుంకుమ పెట్టేవాడు. గాలికి రాలిపోకూడదని కుంకుమని నూనెతో తడిపేవాడు. చక్రాలకి, బానెట్‌కి, స్టీరింగ్‌కి ఒక్కో బొట్టు. నాకు మాత్రం అక్షరానికో బొట్టు. మర్నాడు నీళ్ళు కొట్టి కడిగితే పైది పోయేది. అంచుల సందుల్లోకి దిగింది మాత్రం అక్కడే ఉండిపోయేది. ఏడాదికేడాది అలా నా చుట్టూ సన్నటి ఎర్రటి గట్టు కట్టింది. ఎవరూ చూడలేదు. నేను కూడా దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

కంపెనీ పద్ధతులు మారాయి. దేశమంతటా తమ షోరూంలు ఒకేలా ఉండాలన్నారు. ఒకే రంగు గోడలు, ఒకే రకం కుర్చీలు, మూడంతస్తుల అద్దాల భవనం. త్రిమూర్తులు వల్ల కాలేదు. ఏజెన్సీ విశాఖపట్నం వాళ్ళకి వెళ్ళింది. షోరూం మూతపడింది. ఆ తర్వాత కొద్ది కాలానికి ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది గానీ కుడి చెయ్యి చచ్చుబడింది. ఎవరు పలకరించినా బాగానే ఉన్నాననేవాడు. గంటల తరబడి వీధి గుమ్మంలో కూర్చుని దారిన పోయే బళ్ళ చప్పుడు వినేవాడు.

ఆదివారం సాయంత్రాలు మాత్రం విశ్వనాథం వచ్చి అన్నగారిని బండిలో ఎక్కించుకుని, సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఉప్పాడ దాకా తీసుకెళ్ళి తెచ్చేవాడు. ఎక్కే ముందు త్రిమూర్తులు బండి వెనక్కి వచ్చి నా ఎదుట ఒక్క నిమిషం నిలబడేవాడు. ఊళ్ళో ఇంకా ఎన్నో బళ్ళ మీద నా తోబుట్టువులు ఉన్నా, ఆయనకి రోజూ తారసపడేవి తక్కువ. వారానికి ఒకసారి ఆయన తన పేరుని చూసుకునే చోటు నేనే. చూసి, ఎడమ చేత్తో తలుపు తీసుకుని ఎక్కేవాడు. దారిలో ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కారు. లోపలి మాటలు డిక్కీ దాకా వినపడవు గానీ మౌనం వినపడుతుంది.

అలా ఉండగా విశాఖపట్నం వాళ్ళు విశ్వనాథాన్ని పిలిచారు. ఊళ్ళో కార్లు కొనే ప్రతి కుటుంబమూ ఆయనకి తెలుసు. ఊళ్ళోనే తెరవబోయే కొత్త షోరూంకి సేల్స్ మేనేజర్‌గా రమ్మన్నారు. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోవాల్సిన అవసరమూ ఉంది, అందులో తప్పూ లేదు. కానీ అన్నకి చెప్పలేదు. సోమవారం షోరూం ప్రారంభం. కంపెనీ పెద్దలు వస్తారు. కొత్తవాళ్ళు మర్యాదస్తులు. 'సార్, మీ బండి మీద పాత బ్యాడ్జి ఉన్నట్టుందండి' అని మాత్రమే అని, తమది ఒకటి కవర్లో పెట్టి చేతికిచ్చారట.

ఆ ఆదివారం పొద్దున్నే విశ్వనాథం వదినగారికి ఫోన్ చేశాడు. పోర్టికోలో నా పక్కనే నిలబడి చేశాడు.

"గేరు పట్టట్లేదు వదినా. మెకానిక్ దగ్గర పెట్టేను. ఈవేళ షికారు కుదరదని అన్నయ్యకి చెప్పు."

పుట్టినప్పట్నుంచీ అన్నని చూస్తున్న మనిషి ఇంతకంటే తెలివితక్కువ అబద్ధం ఆడలేడు. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. ఇంటికి చుట్టాలొచ్చారని చెప్పొచ్చు. ఏం చెప్పినా త్రిమూర్తులు సరేనని గుమ్మంలో కూర్చునేవాడు. జీవితమంతా బళ్ళు బాగుచేసినవాడికి బండి పాడైందని చెబుతారా ఎవరైనా? ఒక్కోసారి నాకనిపిస్తుంది, మనిషి పట్టుబడాలని లోపల కోరుకుంటున్నప్పుడే ఇలాంటి అబద్ధాలు నోటికి వస్తాయేమోనని.

ముందు బండిని శుభ్రంగా కడిగాడు. నీడలోకి జరిపాడు. వెనక అద్దం మీద మా షోరూం ఫోన్ నంబరున్న స్టిక్కరుతో మొదలుపెట్టాడు. భార్య తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యరు తెచ్చి వేడిగాలి పట్టి, మూల దగ్గర గోటితో లేపాడు. ఉడికిన చామదుంప తొక్కలా వచ్చేసింది. అద్దంతో పేచీ లేదు, బ్లేడుతో గీకినా ఓర్చుకుంటుంది. రంగు అలా కాదు.

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. రత్నమాల కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడింది.

"బావగారికి చెప్పేశారా?"

"చెప్తాను."

"రేపు పొద్దున్న చేరుతూ ఈవేళ కూడా చెప్తానంటే ఎలాగండీ?"

"ముందు ఇది ఊడనీ."

"ఊడేక ఏం చెప్తారు? దొంగలెత్తుకుపోయేరనా?"

ఆయన డ్రయ్యరు నా మీదికి తిప్పాడు. వేడి మెల్లగా నా వెనకదాకా పాకింది. చాలా ఏళ్ళుగా గట్టిపడి ఉన్న జిగురులో ఏదో సడలింది. ఆయన ఫోన్లో ఏదో వీడియో చూస్తూ చేస్తున్నాడు. కుట్టు దారం ఒకటి తీసి నా వెనక్కి దూర్చి లాగాడు. తెగింది. మళ్ళీ దూర్చాడు. మళ్ళీ తెగింది. చీరల అంగడిలో పట్టుచీర మడత విప్పేవాడు పడేంత జాగ్రత్త పడ్డాడు. నా చుట్టూ రంగు మీద గీత పడకూడదని కాగితం ప్లాస్టరు అంటించాడు. గిట్టనివాడైతే నన్ను ఒక్క లాగుతో పీకేసేవాడు. ప్రేమ తప్ప ఇంకేమీ లేనివాడు నా జోలికే వచ్చేవాడు కాదు. రెండూ కలిసినవాడు మాత్రం ఇలా భార్య హెయిర్ డ్రయ్యరు అడుగుతాడు, కాగితం ప్లాస్టరు కొనుక్కొస్తాడు, మచ్చ పడకుండా ఎలా అని ఆదివారం పూట కిందా మీదా పడతాడు. ఏ మచ్చ గురించి ఆయన భయపడుతున్నాడో ఆయనకి తెలిసినట్టు లేదు.

దారం మూడోసారి కూడా తెగాక ఓపిక పోయింది. పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. దాని మొన నా మొదటి అక్షరం కిందికి వచ్చింది. చల్లగా తగిలింది.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. ఆటో అబ్బాయి గొంతు వినిపించింది.

"మెల్లిగా దిగండి పెద్దగారూ. ఆయ్, నా భుజం పట్టుకోండి."

"నేను దిగుతాన్లే, నువ్వు గేటు తియ్యి." ఆ గొంతు వాకిలి దాటి ముందే వచ్చేసింది. "ఒరే చిన్నోడా! గేరు పట్టకపోవడమేంట్రా? క్లచ్చి వైరు చూసేవా? ఏ మెకానిక్ దగ్గర పెట్టేవో చెప్పక వదిన చేత చెప్పిస్తావేంటి!"

విశ్వనాథం స్క్రూడ్రైవరు ఒక్క ఉదుటున జేబులో పెట్టుకుని, గిర్రున తిరిగి డిక్కీకి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను చెమటతో తడిసిన ఆయన బనీనుకి అదుముకుపోయాను. గుండె దడదడలాడటం నాకు తెలిసింది. యాభై దాటిన మనిషి గుండె, కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లాడి గుండెలా కొట్టుకుంది.

త్రిమూర్తులు కర్ర ఊతంగా పోర్టికోలోకి వచ్చాడు.

"మెకానిక్ దగ్గరుందన్నావు. ఇక్కడే ఉందేంటి?"

"ఇప్పుడే తెచ్చేను."

"జరుగు, చూస్తాను."

"ఏం లేదన్నయ్యా, బాగైపోయింది."

"బాగైపోతే జరగడానికేం?"

విశ్వనాథం జరిగాడు.

చూడ్డానికి అక్కడ అన్నీ ఉన్నాయి. తీగతో సహా నేల మీద డ్రయ్యరు. ఒలిచిన స్టిక్కరు ముడుచుకుపోయి ఉంది. నా చుట్టూ కాగితం ప్లాస్టరు. మెట్టు మీద తెరిచిన కవర్లో మెరుస్తూ కొత్త బ్యాడ్జి. త్రిమూర్తులు దాన్ని చదవలేడు. చదవాల్సిన పని లేకపోయింది. ఆయన కళ్ళు దాని మీదా, నా మీదా, తమ్ముడి జేబులోంచి బయటికి వచ్చిన స్క్రూడ్రైవరు పిడి మీదా ఆగాయి.

రత్నమాల కుర్చీ తెచ్చి వేసింది. "కూర్చోండి బావగారూ." ఆయన కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు అందుకోలేదు.

"ఎప్పుడు చేరేవు?"

"రేపు చేరాలి."

"ఏం పని?"

"సేల్స్ మేనేజరు."

"చెప్పకూడదనుకున్నావా, చెప్పలేకపోయేవా?"

విశ్వనాథం నేల చూశాడు. "రెండూను."

ప్రహరీ అవతల ఆటో అబ్బాయి పోకుండా నిలబడి ఉన్నాడు. ఆ నిమిషాల్లో త్రిమూర్తులు ముఖం నాకు ఎదురుగా ఉంది. ఆదివారాలు నన్ను చూసుకునే చూపే అది, కానీ ఈసారి దాన్లో లెక్క తేలని ఆలోచన ఏదో కదిలింది. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. విశ్వనాథమూ అలాగే అనుకున్నట్టుంది, లేస్తే పట్టుకోవడానికి ఒక అడుగు ముందుకు వేశాడు.

"స్క్రూడ్రైవరుతో పీకుతావేంట్రా?" అన్నాడు త్రిమూర్తులు. "రంగు పోదూ?"

"దారం తెగిపోతోందన్నయ్యా."

"కుట్టు దారమైతే తెగక ఏం చేస్తుంది? జగన్నాథపురంలో పుట్టి పెరిగేవు, గాలం తాడు తెలీదా నీకు?" గేటు వైపు తిరిగి కేకేశాడు. "ఒరే అబ్బాయ్, ఇంకా ఉన్నావా? వంతెన దగ్గర వలల కొట్టుకెళ్ళి సన్న గాలం తాడు పట్రా. సన్నది. సొరచేపకి కాదు."

ఆటో అటు వెళ్ళగానే విశ్వనాథం అడిగాడు, "నీకిదంతా ఎలా తెలుసు?"

"నువ్వు ఆఫీసు గదిలో కూర్చుని ఉత్తరాలు రాసుకునేవాడివి. నీకేం తెలుస్తుంది? మొదట్లో మన దగ్గర సరుకు లేనప్పుడు రాజమండ్రి వాళ్ళ దగ్గరా ఏలూరు వాళ్ళ దగ్గరా బళ్ళు తెచ్చేవాళ్ళం గదా. వాళ్ళ పేరుతోనే అమ్మేననుకున్నావా? ఎన్ని పేర్లు తీసేనో ఈ చేత్తో." చచ్చుబడిన చేతిని ఎడమ చేత్తో కాస్త ఎత్తి చూపించి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒక్క గీత పడితే ఒట్టు."

ఇది నాకు కొత్త సంగతి. ఇన్నాళ్ళూ మేమంతా ఏ పేరూ ఎరగని శుభ్రమైన రంగు మీదే అతుక్కున్నామనుకున్నాను. నా తోబుట్టువుల్లో ఎందరి చోట అంతకుముందు ఎవరి పేర్లు ఉండేవో!

తాడు వచ్చింది. త్రిమూర్తులు కుర్చీ డిక్కీ దగ్గరికి జరిపించుకున్నాడు. తమ్ముడి చేత మళ్ళీ వేడి పట్టించాడు. "దగ్గరగా పెట్టకు. గాలి తిప్పుతూ ఉండు. చెయ్యి పెట్టి చూడు. నీ చెయ్యి ఓర్చుకుంటే రంగూ ఓర్చుకుంటుంది." గాలం తాడుని రెండు చేతులకీ చుట్టుకుని రంపంలా లాగాలి. ఆయనకి ఉన్నది ఒక్క చెయ్యి. ఒక కొస ఎడమ చేతి వేళ్ళకి చుట్టుకుని, రెండో కొస తమ్ముడికి ఇచ్చాడు.

"నువ్వు లాగినప్పుడు నేను వదుల్తాను. నేను లాగినప్పుడు నువ్వు వదులు. బలం పెట్టకు. దానంతటదే వస్తుంది."

తాడు నా వెనక్కి దిగింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు. నొప్పి అని అనలేను. చాలాకాలం ఒకే వైపు పడుకున్న ఒంట్లోకి స్పర్శ తిరిగి వస్తున్నట్టు ఉంది. మొదటి అక్షరం రంగుని వదిలింది. రెండోది వదిలింది. అన్నదమ్ములిద్దరి మధ్యా నేను ఉన్నాను, ఇద్దరి చేతుల కదలికా ఒకే తాడు మీద నాకు తెలుస్తోంది. పెద్దాయనది ఒంటిచెయ్యి, అయినా తూకం తప్పలేదు. చిన్నాయన చెయ్యి మాత్రం మధ్యమధ్య ఆగుతోంది.

"కోపం రాలేదా అన్నయ్యా?"

"వచ్చింది. గేరు పట్టట్లేదని చెప్పినందుకు. నా చేతి మీద నడిచిన బండి, గేరు పట్టదంటాడా!"

రత్నమాల నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

కొంతసేపు తాడు కదిలింది. తర్వాత త్రిమూర్తులు తలెత్తకుండానే అడిగాడు. "ఎలా ఉందిరా నీకు?"

"దేనికి?"

"ఇది తీస్తుంటే."

"బాధగానే ఉందన్నయ్యా."

"నా కోసం చెప్పే మాట కాదు. నిజం చెప్పు."

తాడు మీద విశ్వనాథం వేళ్ళు బిగుసుకోవడం నాకు తెలిసింది. ఆయన పొద్దుట్నుంచీ, బహుశా షోరూం మూతపడిన దగ్గర్నుంచీ, ఇంకా అంతకు ముందు నుంచీ కూడా, దాచుకుంటున్నది ఇదే. ఉద్యోగం సంగతి కాదు, బ్యాడ్జి సంగతీ కాదు.

"తేలిగ్గా ఉంది" అన్నాడు.

అనేసి తాడు లాగడం మానేశాడు. ఎంత చిన్న గొంతుతో అన్నాడంటే, బయట కాకి అరుపు దానికంటే గట్టిగా వినిపించింది. తన నోట్లోంచి వచ్చిన మాట వైపు తనే చూడలేక తల పక్కకి తిప్పుకున్నాడు. త్రిమూర్తులు ఎడమ చెయ్యి కూడా ఆగింది. తాడు మా మధ్య వదులుగా వేలాడింది. అప్పటికి నేను సగం బండి మీదా సగం గాల్లోనూ ఉన్నాను.

"లాగు" అన్నాడు త్రిమూర్తులు. "ఆపకు. ఆపితే జిగురు చల్లారి మళ్ళీ పట్టుకుంటుంది."

విశ్వనాథం లాగాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అవి కారుతూనే ఉన్నాయి, ఆయన లాగుతూనే ఉన్నాడు.

"ఉంటుందిలే" అన్నాడు అన్న, ఇంకో రెండు అక్షరాలు ఊడాక. "నేను పెట్టేను, నువ్వు మోసేవు. పెట్టినవాడికి బరువు తెలీదు." ఇంకాసేపాగి, "అడగాల్సింది" అన్నాడు. ఏమడగాల్సిందో ఇద్దరిలో ఎవరూ పూర్తిచేయలేదు.

చివరి అక్షరం వదలగానే నేను జారి విశ్వనాథం అరచేతిలో పడ్డాను. నన్ను ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసి, ప్రహరీ గోడ మీద పెట్టాడు.

అక్కడి నుంచి చూశాను, నేనున్న చోటుని. జిగురు ముక్కలు నల్లగా అంటుకుని ఉన్నాయి. వాటి చుట్టూ, ప్రతి అక్షరం అంచు వెంబడీ, సన్నటి కుంకుమ గీత. ఇన్ని దసరాల కుంకుమ. అక్షరాలు పోయాక వాటి ఆకారం ఎర్రగా, నాకంటే స్పష్టంగా నిలబడి ఉంది. కొబ్బరినూనె సీసా తెచ్చిన రత్నమాల చెయ్యి దాన్ని చూడగానే ఆగిపోయింది.

"కుంకుమండీ బావగారూ. తుడిచెయ్యమంటారా? ఏమిటోలా ఉంది నాకు."

"నేను పెట్టిన కుంకుమే కదమ్మా. నేనే తుడుస్తాను. ఇలా ఇవ్వు."

నూనె రాసి నాననిచ్చాడు. కిరసనాయిలైతే రంగు మెరుపు చంపేస్తుందన్నాడు, నూనెకి ఓపిక కావాలన్నాడు. తర్వాత ఎడమ బొటనవేలితో జిగురుని ఉండలు ఉండలుగా దొర్లించి తీశాడు. కుంకుమ నూనెలో కరిగి ఆయన వేలికి పట్టింది, చేతికి పట్టింది, మణికట్టు దాకా కారింది. తమ్ముడు సాయం వస్తానంటే మోచేత్తో నెట్టేశాడు. సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెనక్కి వాలి చూశాడు. ఒక్క గీత లేదు.

అయితే నేనూ పోలేదు. నేను కప్పి ఉంచిన రంగు ఇన్నేళ్ళూ ఎండ ఎరగదు. చుట్టూ ఉన్న నీలం వెలిసి బూడిద తిరిగితే, నా కింది నీలం షోరూంలోంచి వచ్చిన రోజులాగే నిగనిగలాడుతోంది. దంగేటి మోటార్స్, కాకినాడ. ఇప్పుడు నా పేరు ప్లాస్టిక్‌తో కాదు, రంగుతో రాసి ఉంది.

విశ్వనాథం కంగారుపడ్డాడు. "పాలిష్ పెట్టి రుద్దితే పోతుందేమో."

"పోతుంది, దాంతోపాటు రంగూ పల్చబడుద్ది. వదిలెయ్. రెండు ఎండాకాలాలు పోతే చుట్టూ ఉన్నదాన్లో కలిసిపోద్ది. తొందరేముంది?" అని, మెట్టు మీది కవరు వైపు గడ్డంతో చూపించాడు. "అదిలా తే."

"అది నేను తర్వాత..."

"వంకరగా పెడతావు. తే."

కానీ ఆయన చెయ్యి అప్పటికే అలిసిపోయింది. రెండు చేతులతో పట్టుకుని పెట్టాల్సిన పని అది. ఆ సంగతి ఆయనకి కవరు అందుకున్నాక తెలిసింది. ఒక క్షణం దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూశాడు. తర్వాత తమ్ముడి చేతికి ఇచ్చి, కుర్చీలోంచి లేచి, కర్ర ఊతంగా నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"పెట్టు. నేను చూస్తాను. ఎడమకి. ఇంకాస్త. పైకి... అంత కాదు. ఆఁ, అక్కడ. నొక్కు. వేలితో, అరచేత్తో కాదు. కంగారు లేదు, ఒక్కోటీ నొక్కు."

విశ్వనాథం నొక్కాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయన ఒక బండికి పేరు అతికించడం అదే మొదలు. కొత్త పేరు నాకంటే పొట్టిది. 'దంగేటి మోటార్స్' దాని కిందికి వెళ్ళిపోయింది. 'కాకినాడ' మాత్రం పట్టక, పక్కన ఉత్త నీలంలో బయటే మిగిలిపోయింది. అది చూసి ముందు రత్నమాల నవ్వింది. తర్వాత త్రిమూర్తులు నవ్వాడు. "ఊరు ఎక్కడికి పోద్దిరా" అన్నాడు.

కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ త్రిమూర్తులు అడిగాడు. "రేపు ఎన్నింటికి తెరుస్తారు?"

"పదింటికి."

"నేనూ వస్తాను."

విశ్వనాథం కొళాయి కట్టడం మరిచిపోయాడు. "నువ్వా? అక్కడికా?"

"కొత్త బళ్ళొస్తుంటే ఇంట్లో కూర్చోమంటావా? చూడనివ్వరా ఏం?"

"చూడనివ్వకపోవడమేంటన్నయ్యా! కానీ అక్కడ నిన్నెవరూ..." ఎరగరు అనబోయి మింగేశాడు. అక్కడున్న కుర్రాళ్ళంతా విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళు.

"ఎరగరులే. గుమ్మం దగ్గర ఎవరని అడుగుతారు. అడగనీ. విశ్వనాథం గారి అన్నని, ఆయన రమ్మంటే వచ్చేనని చెప్తాను." తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని తమ్ముడి ముఖంలోకి చూశాడు. "రమ్మంటావా మరి?"

తమ్ముడు తల ఊపాడు. తర్వాత అన్నది చాలా మామూలు మాట. "ఎలాగూ వచ్చేవు గదా, ఉప్పాడ దాకా పోయొద్దామా? ఇప్పుడే?"

"ఈ ఎండలోనా?" అంటూనే త్రిమూర్తులు ముందు సీటు వైపు నడిచాడు. ఈసారి పేరు చూసుకోవడానికి బండి వెనక్కి రాలేదు. రత్నమాల డ్రయ్యరు తీగ చుట్టుకుని లోపలికి వెళ్ళింది. బండి కదిలింది. గోడ మీద నేనున్నానని ముగ్గురిలో ఒక్కరికీ గుర్తులేదు.

పెట్టెలో దాచిపెడతారేమో అనుకున్నాను. ఏ అద్దాల బీరువాలోనో ఉంచి వచ్చినవాళ్ళకి చూపిస్తారేమో అని కూడా, సిగ్గు విడిచి చెప్పాలంటే, అనుకున్నాను. మరిచిపోతారని మాత్రం అనుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, మనుషులు నన్ను మరిచిపోవడానికి అలా కలిసి షికారు వెళ్ళడంకంటే మంచి కారణం ఉండదనిపిస్తుంది.

బండి గేటు దాటి ఎండలోకి తిరిగింది. ఎన్నో ఏళ్ళు దాని వీపు మీదే బతికాను గానీ దాన్ని అలా వెనక నుంచి, దూరం నుంచి చూడటం అదే మొదటిసారి. నీలం బాగానే ఉంది, ఆయన ఎంపిక తప్పేమీ కాదు. స్టిక్కరు పోయిన అద్దం శుభ్రంగా ఉంది. దానిలోంచి రెండు తలలు కనిపించాయి. పెద్దాయన ఎడమ చెయ్యి పైకి లేచి గాల్లో ఏదో చెబుతోంది. చిన్నాయన తల అటు వంగి వింటోంది, తర్వాత అడ్డంగా ఊగింది, ఒప్పుకోలేదు కాబోలు, తనూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.